ఏకులా దూరి, మేకులా కూర్చుని

ఏకై వచ్చి మేకై కూర్చున్నాడని మనవాళ్లు ఎవర్ని అంటారో తెలిసిందే. నెల రోజులకని అద్దెకు దిగి, ఇంటివాళ్లనే ఖాళీ చేయించేలా ఉన్న పెద్దమనిషిని అంటారు. రెండు పూటలుండి పోతానని వచ్చి సంక్రాంతి దాటినా కదలని చుట్టాన్ని అంటారు. మనకది తిట్టు. మేకులు చేసేవాడికి మాత్రం అంతకు మించిన మెచ్చుకోలు లేదు. దూరేటప్పుడు ఏకంత మెత్తగా దూరాలి, దూరాక ఏం చేసినా రాకూడదు. ఈ రెండు గుణాలూ ఒకే ఇనప ముక్కలో పెట్టడానికి మనిషి చాలాకాలంగా తంటాలు పడుతూనే ఉన్నాడు. సులువుగా దిగిన మేకు సులువుగానే ఊడుతుంది. ఊడకుండా ముళ్లూ మెలికలూ పెడితే దిగేటప్పుడే చెక్కను చీలుస్తుంది.

ఈ చిక్కుకు కనిపెట్టిన జవాబుల్లో నాకు బాగా నచ్చింది చీలిక మేకు. తల, మెడ మామూలు మేకులాగే ఉంటాయి. కింది భాగం నిలువునా చీలి రెండు కాళ్లవుతుంది. సుత్తి దెబ్బకు రెండు కాళ్లూ జంటగా చెక్కలోకి దిగుతాయి, దిగుతున్నకొద్దీ లోపల చెరో పక్కకీ విచ్చుకుంటాయి. పైనుంచి చూసేవాడికి తల తప్ప ఏమీ కనపడదు. కాగితం మీద ఇంత ముచ్చటైన ఆలోచన ఇంకోటి లేదు. దీన్ని ఇంకా గట్టిగా పట్టేలా ఎలా మార్చొచ్చా అని కొన్నాళ్లు బొమ్మలు గీస్తూ కూర్చున్నాను. వేరే పనిలేకా అంటే, ఉంది. అయినా గీశాను.

మేకు ఎందుకు పట్టుకుంటుంది? మొన గుచ్చుకుని ఉంటుంది కాబట్టి అనుకుంటాం. మొన పని దారి చెయ్యడం వరకే, పట్టంతా కాడది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే కాడది కూడా కాదు, చెక్కది. మేకు దిగుతున్నప్పుడు పక్కకు జరిగిన నారలు మళ్లీ తమ చోటికి రావాలని చూస్తూ కాడను రెండు పక్కలా నొక్కుతాయి. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే మేకు బలం. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ నగరంలో 1910లో పెట్టిన అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల ఈ లెక్కలన్నీ తేల్చింది. మేకు లావు రెట్టింపైతే పట్టు రెట్టింపు, లోతు రెట్టింపైతే కూడా అంతే. కానీ చెక్క సాంద్రత రెట్టింపైతే పట్టు ఐదున్నర రెట్లు దాటుతుంది. బూరుగు చెక్క కంటే తుమ్మ చెక్క రెట్టింపుకు పైనే బరువు. అంటే బూరుగు చెక్కలో కొట్టిన మేకును మీరు ఎంత తెలివిగా మలిచినా, తుమ్మలో దిగిన మొద్దు మేకు ముందు అది దిగదుడుపే.

తుమ్మలో దిగితే కదా అంటారు వడ్రంగులు. చేవదేరిన తుమ్మ మీద సన్న మేకు పెట్టి కొడితే వంగి చేతికొస్తుంది, లావు మేకు కొడితే చెక్క పగులుతుంది. అందుకే ముందు బర్మాతో సన్నగా బెజ్జం వేసుకుంటారు. బర్మా అందుబాటులో లేనప్పుడు ఇంకో ఉపాయం ఉంది. మేకును తిరగేసి, మొన మీద ఒక దెబ్బ వేసి మొద్దు చేస్తారు. చూసేవాళ్లకు వెర్రిపని. కానీ వాడి మొన నారల్ని రెండు పక్కలకూ ఎడం చేసి పగులు తెస్తుంది, మొద్దు మొన తన ముందున్న నారల్ని నలిపేసుకుంటూ పోతుంది. నలిగిన నారలు కాడను అంత గట్టిగా నొక్కలేవు కాబట్టి పట్టు కొంచెం తగ్గుతుంది. తగ్గితే తగ్గింది, చెక్క మిగిలింది. మేకుల శాస్త్రమంతా ఇలాంటి బేరసారాలే.

గోదావరి జిల్లాల్లో ఈ బేరానికి మూడో మనిషి ఒకడున్నాడు, తేమ. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటే కర్ర మాట చెప్పాలా! ఎండకు కర్ర ముడుచుకుంటుంది. శ్రావణం వచ్చేసరికి తలుపులు గడపకు ఒరుసుకుని, భుజం ఆనించి నెడితే గాని తెరుచుకోవు. ఏటా ఇలా ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉండే చెక్క తనలోని మేకును కాస్త కాస్తగా పైకి నెట్టేస్తుంది. పాత బల్లల మీద మేకు తలలు లేచి పంచెల్ని పట్టుకునేది అందుకే. పచ్చి కర్రలో కొట్టి, తర్వాత కర్ర ఎండితే పరిస్థితి మరీ అన్యాయం. ఎండి ముడుచుకునే కర్ర మేకును ఇంకా బిగించాలి కదా అనిపిస్తుంది. జరిగేది దానికి ఎదురు. నారలు కాడ దగ్గర పట్టు సడలించేస్తాయి, మొదటి బలంలో చాలాభాగం పోతుంది.

పడవలు కట్టేవాళ్లకు ఈ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పక్కర్లేకపోయింది. కాకినాడకు దక్షిణంగా, గోదావరి పాయలు సముద్రంలో కలిసేచోట కోరంగి ఉంది. ఒకప్పుడది ఓడలు కట్టే రేవు, మరమ్మతులు చేసే రేవు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడివాళ్లు కోరంగీలనే పిలిచారంటే దాని పేరు ఎంత దూరం పోయిందో చూడండి. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెన వచ్చి ఆ రేవును తుడిచిపెట్టింది. పని మాత్రం పోలేదు, పక్కనే తాళ్లరేవు ప్రాంతంలో మిగిలింది. కాకినాడ రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరేసి ఉంటే, వాటికీ ఒడ్డుకూ మధ్య సరుకు మోయడానికి పడవలు కావాలి. ఆ పడవలు కట్టడానికి మనుషులు కావాలి.

చెక్క పడవకు నమ్మకమైన బంధం మడత మేకు. పలక మీదుగా లోపలి ఆకు కర్రలోకి మేకును బయటినుంచి దించుతారు. మేకు కర్ర మందం కంటే పొడుగు ఉంటుంది. లోపల ఇంకో మనిషి కూర్చుని, బయటపడ్డ మొనను వంచి తిరిగి కర్రలోకే కొడతాడు. ఇప్పుడు మేకు రాపిడి మీద ఆధారపడి లేదు. ఊడాలంటే తన మడతను తానే విప్పుకోవాలి. మాడిసన్ వాళ్లు దీన్నీ కొలిచారు. కొట్టిన వెంటనే లాగి చూస్తే మడత మేకు మామూలు మేకు కంటే 45 నుంచి 170 శాతం ఎక్కువ పట్టింది. పచ్చి కర్రలో కొట్టి, ఎండాక లాగితే 250 నుంచి 460 శాతం ఎక్కువ. అంటే కర్ర మోసం చేసే కొద్దీ మడత విలువ పెరుగుతోంది. ఇంకో చిన్న సంగతి కూడా రాశారు. మడతను నార వెంట కాకుండా నారకు అడ్డంగా వేస్తే మరో 20 శాతం లాభం.

రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన మీది రివిట్లు కూడా ఈ జాతివే. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసిన ఆ వంతెనలో ఇనుముకు ఇనుము తగిలించారు కాబట్టి వంచడానికి బదులు ఎర్రగా కాల్చి, రెండో కొసను కూడా తలలా కొట్టారు. చల్లారేటప్పుడు రివిట్టు పొట్టిదై రెండు రేకుల్నీ దగ్గరికి లాక్కుంటుంది. అక్కడా ఇటొకడు, అటొకడు ఉండి తీరాలి. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర మాత్రం ఆ అవతలి మనిషి బదులు మూడు పాదాల ఇనప దిమ్మ ఉంటుంది. అట్టలోంచి దిగిన చిన్న మేకు మొన ఆ దిమ్మకు తగిలి, దారిలేక తనంతట తానే వెనక్కి వంగి తోలులోకి దిగుతుంది. పైనుంచి ఒక్క దెబ్బే, మడత ఉచితం. చీలిక మేకు మీద ఆశ పెట్టుకున్నవాడు గుర్తుపెట్టుకోవాల్సిన దృశ్యం ఇది. పాత ట్రంకు పెట్టెల తోలు పట్టీలకూ, బెల్టులకూ ఉండే రెండు కాళ్ల రివిట్టు కూడా ఇలాగే, అవతల దిమ్మ ఉంటేనే అందంగా విచ్చుకుంటుంది.

చీలిక మేకు చేస్తున్న సాహసం అప్పుడు అర్థమవుతుంది. అవతల మనిషి లేడు, దిమ్మ లేదు. ఒక్కడే, ఒక్క వైపునుంచి, చెక్క కడుపులో కళ్లకు కనపడని చోట మడత వెయ్యాలి. ఎలా వేస్తుంది? ఉలి పట్టినవాళ్లకు తెలుసు, ఉలికి ఏటవాలు ఏ వైపుంటే ఉలి దానికి ఎదురు వైపుకు పరుగెత్తుతుంది. చీలిక మేకు రెండు కాళ్లకూ లోపలి ముఖాల మీద ఏటవాలు పెడితే, మధ్యలో ఇరుక్కున్న చెక్క రెండింటినీ బయటికి తోస్తుంది. బయటి ముఖాల మీద పెడితే రెండూ దగ్గరికొచ్చి మామూలు మేకులా దిగిపోతాయి. కాబట్టి మొదటి మెరుగు అక్కడే, ఏటవాలు లోపలికి, కాళ్ల కొసలు బయటి అంచున. రెండోది, కాళ్లను కాల్చి నెమ్మదిగా చల్లార్చి మెత్తబరచాలి, తలా మెడా గట్టిగానే ఉండాలి. కాళ్లు మరీ గట్టివైతే వంగవు, మరీ మెత్తనివైతే దిగకుండానే నలుగుతాయి. మూడోది, చీలిక సగం కంటే పైకి రాకూడదు. ఇదంతా బొమ్మ గీసి, కొలతలు వేసి, మా వైపు ఒక ఆచారిగారికి చూపించాను. రథాల దగ్గర్నుంచి రోకళ్ల దాకా చేసిన చెయ్యి ఆయనది.

ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. "బాగుందండి. కాళ్లు ఇడతాయి సరే. ఎటేపు ఇడతాయో అది మీరు చెప్తారా, కర్ర చెబుద్దా అండి?" అన్నారు.

"నేనే చెప్తాను, ఏటవాలు అలా పెట్టాను కదండీ" అన్నాను.

"ఆయ్. మరి కొట్టేటప్పుడు చీలిక ఎటుందో నాకెలా తెలుస్తాదండి? తల గుండ్రంగా ఉందాయె. నారకి అడ్డంగా ఇడితే బల్ల నిలువునా పగిలి చేతికొచ్చేత్తాది. తల మీద గీతెట్టించండి బాబూ, కాళ్లు ఎటున్నాయో కనపడేలాగ."

నా బొమ్మల్లో ఎక్కడా లేని మెరుగు అది, అన్నిటికన్నా పనికొచ్చేదీ అదే. కర్ర పగిలేది నారల్ని అడ్డంగా ఎడం చేసినప్పుడు. చీలిక మేకు కాళ్లు నారకు అడ్డంగా విచ్చుకుంటే అచ్చం కట్టెలు కొట్టేవాడి చీలలా పనిచేస్తాయి, బల్ల చివర దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. నార వెంట విచ్చుకుంటే ఆ బెడద ఉండదు. మడత మేకుకు నారకు అడ్డం మంచిది, చీలిక మేకుకు నార వెంట మంచిది. ఈ తేడా మొదట వింతగా ఉంటుంది. మడత పడేది కర్ర పైముఖం మీద, దానివల్ల లోపల ఒత్తిడి లేదు. చీలిక పడేది కర్ర కడుపులో.

ఆచారిగారు ఇంకో ప్రశ్న కూడా వేశారు. ఊడపీకాల్సొస్తే ఏం చెయ్యాలి? పీకనే అక్కర్లేనంత గట్టిగా ఉంటుందని నేనన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వులో పడవల సంగతంతా ఉంది. ఉప్పునీళ్లలో నానే చెక్కలో ఇనుము తుప్పుపడుతుంది. తుప్పుతో పాటు పుట్టే క్షారం మేకు చుట్టూ ఉన్న చెక్కను మెత్తని గుజ్జులా చేస్తుంది. మేకు బాగానే కనిపిస్తుంది, దాని చుట్టూ పట్టుకోవడానికి చెక్కే ఉండదు. పడవ బతకాలంటే కొన్నేళ్లకోసారి పాత మేకులు తీసి, బెజ్జాలు పూడ్చి, కొత్త చోట కొత్తవి దించాలి. మడత మేకైతే మడతను లేపి వెనక్కి కొట్టొచ్చు. లోపల కాళ్లు చాపుకుని కూర్చున్న చీలిక మేకును తియ్యాలంటే దాని చుట్టూ పలకను తొలచాలి. బంధం పలకను మించి బతికితే అది పడవకు లాభం కాదు.

అసలు మేకే వద్దన్నవాళ్లున్నారు. విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో కెరటాలు విరిగే చోటునుంచి సముద్రంలోకి వెళ్లే జాలరులు పలకల అంచులకు బెజ్జాలు వేసి, కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు వాడారు. ఒడ్డున కెరటం ఎత్తి కుదేసినప్పుడు కుట్టిన పడవ సాగి, వంగి, మళ్లీ సర్దుకుంటుంది. మేకులు కొట్టిన పడవలో ఆ కుదుపంతా మేకుల మెడల మీద పడుతుంది. కుట్టు చివికితే విప్పి మళ్లీ కుట్టుకుంటారు. గోదావరి నోటి దగ్గర మడ అడవుల మధ్య పాయల్లో నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, అక్కడ మేకుల నావ హాయిగా బతుకుతుంది. బంధం ఏదో తేల్చింది పనివాడి తెలివి ఒక్కటే కాదు, ఒడ్డుకు తగిలే కెరటం కూడా. కనుమనాడు జగ్గన్నతోటకు వచ్చే ప్రభల్ని చూడండి. వెదురు గడల్ని తాళ్లతో బిగించిన అంత ఎత్తు ప్రభను భుజాల మీద ఎత్తి, వరిచేలు తొక్కుకుంటూ, కౌశిక నదిని దాటించి తెస్తారు. మోసేవాళ్ల అడుగు తడబడినప్పుడల్లా అది ఊగుతుంది. ఊగనివ్వడమే దాని బలం.

అయితే ఊగనివ్వకూడని రాత్రులూ ఉంటాయి. 1996 నవంబరు 6న కోనసీమ మీదికి వచ్చిన తుపాను రాత్రి గుర్తున్నవాళ్లకు పైకప్పు అనే మాటకు ఇంకో అర్థం తెలుసు. గాలి ఇంటి కప్పును కిందికి నొక్కి కూల్చదు, పైకి పీల్చి లేపుకుపోతుంది. కప్పు మీదుగా వేగంగా పోయే గాలి పైన ఒత్తిడిని తగ్గిస్తుంది, తలుపో కిటికీయో ఊడితే లోపలినుంచి కూడా గాలి తోస్తుంది. వాసాల్లో నిలువుగా దిగిన ప్రతి మేకునూ అది నిలువుగానే లాగుతుంది. మేకుకు అంతకంటే చేతకాని పని లేదు. అడ్డంగా తోస్తే మేకు బాగా తట్టుకుంటుంది, నిలువుగా లాగితే తేలిగ్గా లొంగుతుంది.

ఆ తుపానుకు కూలిన కొబ్బరిచెట్లకు లెక్కలేదు. కొబ్బరి, తాడి చెట్ల కర్రలో మేకు కథ మరో రకం. టేకుకు చేవ లోపలుంటుంది, వీటికి బయట ఉంటుంది. కొబ్బరి మానులో బయటి కర్ర ఘనమీటరుకు 600 కిలోలు దాటితే, నడిమి కర్ర 400 కిలోలకు కూడా రాదు. బయటి నుంచి కొట్టిన మేకు మొదట వంగనైనా వంగుతుంది, లేదా ఆ గట్టి పొరను చీల్చుకుని లోపలి మెత్తటి గుజ్జులోకి పోయి, పట్టుకోవడానికి ఏమీ లేక వేలాడుతుంది. చీలిక మేకుకు అసలైన చోటు ఇదేనేమో అని కొంతసేపు సంబరపడ్డాను. గట్టి పొర దాటాక మెత్తటి చోట కాళ్లు చాపితే, లాగినప్పుడు ఆ కాళ్లు గట్టి పొరకు కిందినుంచి తగులుకుంటాయి కదా! బొమ్మ బాగానే వచ్చింది. కానీ కాళ్లు చీల్చిన మేకు నడుం బలం తగ్గుతుంది. చదరపు కాడను నిలువునా రెండు ముక్కలు చేస్తే, ఒక దిశలో వంపును అడ్డుకునే బిగువు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ గట్టి పొరను దాటేలోపే కాళ్లు మెలికలు తిరుగుతాయి. బర్మాతో బయటి పొర వరకు బెజ్జం వేసి ఇస్తే దాటొచ్చు. బర్మా ఎలాగూ పట్టుకున్నవాడు అదే బెజ్జాన్ని అవతలి దాకా వేసి బోల్టు బిగించుకుంటాడు గాని నా మేకెందుకు కొంటాడు!

తుపానుకు పనికొచ్చిన మెరుగు మేకులో కంటే లాగే దిశలో ఉంది. వాసం మీదుగా ఇనప పట్టీ వేసి, దాని రెండు కొసల్నీ దూలం పక్కలకు దించి, అక్కడ అడ్డంగా మేకులు కొడితే, గాలి పైకి లాగే లాగుడు మేకులకు అడ్డపు తోపుడుగా మారిపోతుంది. మేకులు అవే, దుకాణంలో దొరికే మామూలు మేకులే. చేతకాని పని తప్పించి చేతనైన పని అప్పజెప్పాం, అంతే. పాత పాకల్లో వాసాన్ని దూలానికి తాటినారతో చుట్టి కట్టినవాళ్లు చేసింది కూడా ఇదే. పాక ఎగిరిపోలేదని కాదు, ఎగిరింది. కానీ కట్టులోని లెక్క తప్పు కాదు.

చీలిక మేకు ఓడిపోయిందా అంటే అలా అనలేను. అది వేషం మార్చింది. సోఫాలకు గుడ్డ బిగించేవాళ్ల చేతిలో, ప్యాకింగ్ పెట్టెలు కొట్టేవాళ్ల చేతిలో గాలి ఒత్తిడితో పనిచేసే తుపాకీ ఉంటుంది, అందులో పిన్నులుంటాయి. కొన్ని పిన్నుల కాళ్లకు కొసల్ని ఎదురెదురు దిశల్లో ఏటవాలుగా కోస్తారు. చెక్కలోకి వెళ్లగానే ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ మళ్లుతుంది. రెండు కాళ్లూ మొదటినుంచే ఎడంగా ఉంటాయి కాబట్టి వాటి మధ్య చెక్క చీలే భయం తక్కువ. పైగా సన్నటివి, మెత్తటి చెక్కలోకి, పలచటి పని కోసం. తన బలానికి తగిన చోటు వెతుక్కుంది.

ఇక వడ్రంగుల దగ్గర చీలిక మేకు ఎప్పట్నుంచో ఉంది, రెండు మేకుల రూపంలో. ఒకదాన్ని కుడికి వాలుగా, పక్కదాన్ని ఎడమకు వాలుగా కొడతారు. లోపల రెండు కాళ్లూ ఎడం, పైన రెండు తలలు వేరు. నార ఎటుందో చూసి ఏ వాలు కావాలో చెయ్యే తేల్చుకుంటుంది. తియ్యాలంటే ఒక్కోదాన్నీ దాని వాలులో తియ్యొచ్చు. ఇది ఆచారిగారికి చెబితే, ఇందులో కొత్తేముందన్నట్టు చూశారు.

అయినా ఆశ చావక, గీత పెట్టిన తలతో సహా బొమ్మ పట్టుకుని రాజమండ్రిలో ఒక ఇనప సామాన్ల దుకాణానికి వెళ్లాను. ఆయన మర్యాదగానే విన్నారు. కాళ్లు, ఏటవాలు, నార, గీత, అన్నీ విన్నారు. అంతా అయ్యాక ఒకే ఒక్క మాట అడిగారు, కిలోకి ఎన్ని తూగుతాయండీ అని. వాళ్ల దగ్గర మేకులు అంగుళాల లెక్కన పేర్లు పెట్టుకుని కిలోల లెక్కన పోతాయి. చీల్చి, కాల్చి, చల్లార్చి, గీత గీసిన మేకును విడిగా లెక్కపెట్టి అమ్మాలి. గుప్పెడు తీసుకుని, రెండు వంగితే పారేసే సరుకు అది, లెక్కపెట్టి ఎవరు కొంటారన్నారు. నా వెనక నిలబడ్డ కుర్రాడు రెండంగుళాలవి అరకిలో కట్టించుకుని, నాకు దారిచ్చి వెళ్లాడు.